సర్కారు తుమ్మ కట్టె: కొట్టడం, ఎండబెట్టడం, పొయ్యిలో వాడకం, అమ్మకం, మోడు సంగతి

అడిగింది ఇదీ: ప్రకాశం జిల్లాలో రెండెకరాల మెట్ట చేను ఏళ్ల తరబడి బీడు పడి సర్కారు తుమ్మ అల్లుకుపోయింది. కొట్టించి ఇంటి పొయ్యికీ కేటరింగ్ వంటలకీ వాడుకుని, మిగిలింది అమ్ముదామని ఆలోచన. కానీ ఊళ్లో కొందరు ఆ కట్టె వద్దు, పొగ ఎక్కువ, కళ్లు మండుతాయి, గిన్నెలు మసి కొడతాయి అంటున్నారు. అసలు పనికొస్తుందా, ఎన్నాళ్లు ఎండాలి, ఏ ధరకి అమ్మాలి, కొట్టాక మళ్లీ మొలవకుండా ఏం చేయాలి?

కట్టె మంచిదేనండి. మెట్ట ప్రాంతంలో నీళ్లు పెట్టకుండా, ఎరువు వేయకుండా చేతికొచ్చే వంటచెరకులో దీన్ని మించింది లేదు. మీ ఊరివాళ్లు చెప్పిన పొగా అబద్ధం కాదు. కాకపోతే ఆ పొగ తుమ్మది కాదు, తడిది. ఇవాళ కొట్టి రేపు పొయ్యిలో పెట్టినా మండే కట్టె ఇది, అదే దీనికి చెడ్డపేరు తెచ్చింది. వేరే కట్టెలు చాలావరకు పచ్చివి సరిగ్గా అంటుకోవు గనక ఎవరైనా ఎండబెట్టుకునే వాడతారు. ఇది ఎలాగోలా మండుతుంది కదా అని ఆకుతో సహా తోసేస్తారు.

ముందు చెట్టు అదేనో కాదో చూసుకోండి. బీళ్లలో నల్ల తుమ్మ కూడా కలిసి మొలుస్తుంది. నల్ల తుమ్మకి పసుపుపచ్చని బంతుల్లాంటి పూలు, పూసలు గుచ్చినట్టు నొక్కులు పడిన బూడిదరంగు కాయలు, నల్లగా నెర్రెలిచ్చిన బెరడు, తెల్లటి పొడవాటి ముళ్లు ఉంటాయి. సర్కారు తుమ్మ పూత తోకలా సన్నగా వేలాడుతుంది. కాయ లేత పసుపు, కొరికితే తియ్యగా ఉంటుంది. మొదట్లోనే నాలుగైదు కొమ్మలుగా చీలి పొదలా పెరుగుతుంది. నల్ల తుమ్మలు కనిపిస్తే వాటికి గుర్తుపెట్టి వదిలేయండి. అది పనిముట్లకి, బండి సామానుకి వాడే కలప, దాన్ని కట్టె ధరకి తెగనమ్మడం దండగ.

సర్కారు తుమ్మ మన నేలది కాదు. మధ్య అమెరికా, కరీబియన్ దీవుల వైపుది. 1876లో మద్రాసు రాష్ట్రపు ఉత్తర సర్కిల్ అటవీ అధికారి కర్నల్ బెడోమ్ దీని విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాస్తే, జమైకా నుంచి వచ్చిన విత్తనాన్ని 1877లో కడప జిల్లా కమలాపురంలో వేశారు. వంటచెరకు కరువు తీర్చడానికి తెచ్చిన చెట్టు అది. ఆ పని బాగానే చేసింది, అడిగినదానికంటే ఎక్కువే చేసింది.

ఇక వేడి సంగతి. కిలోకి కిలో తూచి చూస్తే పూర్తిగా ఎండిన ఏ కట్టె అయినా ఇచ్చే వేడి దాదాపు ఒకటే, 4,500 కిలోకేలరీలకి కాస్త అటూ ఇటూ. ‘ఫలానా కట్టెలో రెట్టింపు వేడి’ అని ఎవరైనా అంటే నమ్మకండి. తేడా అంతా బరువులో ఉంది. ఘనపుటడుగు ఎండు సర్కారు తుమ్మ సుమారు 22 కిలోలు తూగితే, సుబాబుల్ 16 దగ్గర ఆగిపోతుంది. అంటే పొయ్యిలో అదే జాగాలో ఎక్కువ సరుకు పడుతుంది, నిదానంగా మండుతుంది, మండాక గట్టి కణికలు మిగులుతాయి. సరుగుడు కూడా దీనికి ఏమాత్రం తీసిపోదు. పైగా నిటారుగా ఉంటుంది, ముల్లుండదు, పేర్చడం తేలిక. హోటళ్లవాళ్లు రెండూ ఒకే ధరకి దొరికితే సరుగుడే తీసుకుంటారు. సర్కారు తుమ్మ నెగ్గేది ధరలోనే.

ఇప్పుడు తడి లెక్క. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సగం దాకా నీళ్లే. కిలో పచ్చికట్టెలో అరకిలో కట్టె, అరకిలో నీళ్లు అనుకుందాం. అరకిలో కట్టె ఇచ్చేది 2,250 కిలోకేలరీలు, అందులో అరకిలో నీళ్లని ఆవిరి చేయడానికే 300 పోతాయి. మిగిలేది 1,950. అదే ఎండి తడి 20 శాతానికి దిగిన కిలో కట్టెలో 800 గ్రాముల సరుకు, 3,600 కిలోకేలరీలు, నీళ్లకి పోయేది 120. మిగిలేది 3,480. కాగితం మీదే దాదాపు రెట్టింపు. పొయ్యిలో తేడా ఇంకా ఎక్కువ, ఎందుకంటే తడికట్టె ఉన్నప్పుడు మంట చల్లబడి, కట్టెలోంచి వచ్చే వాయువులు మండకుండానే పొగగా బయటికి పోతాయి. కళ్లు మండించేదీ, గిన్నెకి తారులా అంటుకునేదీ ఆ మండని సరుకే. పచ్చి కట్టె పొయ్యిలో పెట్టినప్పుడు చివర్లనుంచి సుయ్‌మంటూ నురగ కక్కడం చూసే ఉంటారు. ఆ నురగ ఆగేదాకా మీరు కాలుస్తున్నది వంటకి కాదు, కట్టెని ఎండబెట్టడానికి.

కొట్టే కాలం: వానలు వెనకబట్టాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు. అప్పుడు కొడితే మార్చి, ఏప్రిల్, మే ఎండలు మొత్తం కట్టెకి దక్కుతాయి. జూన్, జులైలో కొట్టిన కట్టె కుప్పలోనే బూజు పట్టి వచ్చే సంక్రాంతి దాకా తేలదు. కొట్టగానే కొమ్మలు విడగొట్టకుండా ఆకుతోనే వారం, పది రోజులు పడున్నచోటే వదిలేయండి. ఆకు వాడే లోపు కాండంలోని నీళ్లని లాగేస్తుంది, తర్వాత ఆకు దానంతట అదే రాలిపోతుంది. రవాణా బరువు తగ్గుతుంది, కంపలో ఆకు లేకపోతే చెయ్యి పెట్టడానికి చోటు కనబడుతుంది. వారం దాటించి నెల పెట్టారంటే మాత్రం కట్టె బిగుసుకుపోయి చీలదు.

ముల్లు గురించి నొక్కి చెప్పాలి. ప్రతి ఆకు మొదట్లో జంటగా ముళ్లుంటాయి. హవాయి చెప్పు అడుగుని సులువుగా దాటేస్తాయి, బైకు టైరునీ వదలవు. కొట్టేవాడికి ఒక చేతిలో గొడ్డలి, ఇంకో చేతిలో పంగల కర్ర ఉండాలి. కొమ్మని పంగతో ఒత్తి పక్కకి వంచి మొదట్లో వేటు వేయాలి, చేత్తో లాగకూడదు. మందపాటి అడుగున్న బూట్లు, తోలు గ్లవుజులు, కళ్లద్దాలు కావాలి. కొమ్మ తెగినప్పుడు మీదికి తన్నేది ముఖం ఎత్తులోనే. ముల్లు గుచ్చుకుని మొన లోపల విరిగితే ‘అదే పోతుందిలే’ అని వదిలేయకండి. వేలి కణుపు దగ్గరో, మోకాలి దగ్గరో విరిగిన మొన వారాల తరబడి వాపు తెస్తుంది. డాక్టరు దగ్గర తీయించుకుని ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకోవాలి. కంటికి తగిలితే నలపకుండా, లాగకుండా నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్లాలి.

కొట్టినదాన్ని అక్కడే మూడు రకాలుగా విడదీయండి. మణికట్టు కంటే లావుగా ఉన్న మొద్దులు ఒకవైపు. బొటనవేలు నుంచి మణికట్టు దాకా ఉన్న కర్రలు ఒకవైపు. అంతకంటే సన్నది కంప. ఇంటి పొయ్యికి ఒకటిన్నర అడుగు ముక్కలు, గాడిపొయ్యికి మూడు అడుగులు చాలు. నాలుగు అంగుళాలు దాటిన మొద్దుని తప్పకుండా చీల్చాలి, అదీ పచ్చి మీదే. ఎండిన సర్కారు తుమ్మ చేవ, అంటే లోపలి ముదురు చెక్క, గొడ్డలిని వెనక్కి తన్నేంత గట్టిపడుతుంది, రంపం పళ్లు అరిగిపోతాయి. వంకర, కణుపు ఉన్నచోట చీలదు, అలాంటి ముక్కల్ని గింజులాడి చీల్చే బదులు బొగ్గుకో, పొగాకు ఆకుని వేడితో ఎండబెట్టే బ్యారన్‌కో పక్కన పెట్టడం మేలు. చీల్చిన ముక్కకి ఎండ చేవ దాకా తగులుతుంది. బెరడుతో ఉన్న గుండ్రటి మొద్దుకి నీళ్లు పోవడానికి రెండు చివర్లే దారి.

పేర్చే పద్ధతి. నేలమీద వరసగా రాళ్లో ఇటుకలో పెట్టి వాటిమీద రెండు పొడవాటి కర్రలు వేయండి, నేలకీ కట్టెకీ మధ్య అరడుగు ఖాళీ ఉండాలి. నేలకి ఆనిన మొదటి వరస చెదలకి అర్పణమే. వరస వెడల్పు ఒక కట్టె పొడవు మించకూడదు. రెండు మూడు వరసలు ఆనించి పేరిస్తే లోపలిది ఎండదు, బయటిది చూసి మొత్తం ఎండిందనుకుంటాం. గాలి వీచే దిక్కుకి అడ్డంగా వరస పెట్టాలి. ఎండాకాలంలో పైన ఏమీ కప్పొద్దు. మబ్బు పడితే పైభాగానికి మాత్రం రేకో పట్టానో వేసి పక్కలు వదిలేయాలి. నాలుగు వైపులా టార్పాలిన్ చుట్టిన కుప్పలో కట్టె చెమర్చి నల్లబడుతుంది, అది అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. కుప్పలో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి, తేళ్లూ పాములూ చేరే చోటది.

రెండు, మూడు అంగుళాల చీలిక ముక్కలు వేసవి ఎండలో ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పొయ్యికి వస్తాయి. ఐదారు అంగుళాల గుండ్రటి మొద్దుకి నాలుగు నుంచి ఆరు నెలలు. రోజుల లెక్క కంటే తూకం నమ్మకమైనది. కుప్ప మధ్యలోంచి మూడు ముక్కలు తీసి, సుద్దతో గుర్తుపెట్టి, కొక్కెం తక్కెడకి వేలాడదీసి వారానికోసారి తూచండి. మొదట్లో వారం వారం దబదబా పడిపోతుంది. కిలోకి పది గ్రాములు కూడా తగ్గని వారం వచ్చిందంటే ఆ వాతావరణంలో అది ఎండగలిగినంత ఎండినట్టే. చేతి పరీక్షా ఉంది: రెండు ముక్కల్ని ఒకదానితో ఒకటి కొడితే ఎండింది ఖంగుమంటుంది, పచ్చిది దబ్బుమంటుంది. చివర్లలో నక్షత్రంలా నెర్రెలు, గోటితో లాగితే ఊడివచ్చే బెరడు కూడా గుర్తులే. అయితే నెర్రెలొక్కటే చూసి మోసపోకండి, అవి రెండో వారానికే వచ్చేస్తాయి. తేమ మీటరు వాడేవాళ్లు పై తొక్క మీద గుచ్చి చూడటం శుద్ధ దండగ. ముక్కని అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద పెట్టాలి.

ఎండినదాన్ని ఏళ్ల తరబడి దాచుకునే ఆలోచన పెట్టుకోకండి. ఈ కట్టెలో చేవ చుట్టూ ఉండే లేతపసుపు చెక్కలో పిండిపదార్థం ఎక్కువ, పుచ్చు పురుగు దానికోసమే వస్తుంది. కుప్ప కింద మైదాలాంటి సన్నటి పొడి రాలుతూ, కట్టెకి గుండుసూది తలంత చిల్లులు కనిపిస్తే మొదలైనట్టు. చేవ జోలికి అంతగా పోదు, కానీ సన్నటి కర్రల్లో చేవే తక్కువ గనక అవి గుల్లయిపోతాయి. బెరడు కింద పురుగు గూడు కట్టుకుంటుంది. చీల్చి బెరడు లేపి ఎండబెట్టినవాటికి బెడద తక్కువ. ముందు కొట్టింది ముందు వాడేస్తూ, ఒక వాన కాలం దాటించకుండా చూసుకుంటే చాలు. పుచ్చు మొదలైన కట్టె పనికిరానిదేం కాదు, వెంటనే కాల్చేయాలి అంతే. మందు మాత్రం కొట్టకండి. అది పొగలో వంటకే చేరుతుంది.

పొయ్యి దగ్గరికొస్తే, ఇది బద్ధకంగా అంటుకునే కట్టె. అగ్గిపుల్లకీ దీనికీ మధ్య ఒక మెట్టు కావాలి: ఎండు కందికట్టె, కొబ్బరి మట్టలు, సన్నటి చితుకులు ఏవైనా. చితుకులు బాగా రగిలాక వేలిలావు కర్రలు, అవి ఎర్రబడ్డాక మణికట్టు లావువి. మొదట్లోనే లావు కట్టె పెట్టి కిరసనాయిలు పోసేవాళ్లుంటారు. కిరసనాయిలు మండిపోతుంది, కట్టె పొగలు కక్కుతూ అలాగే ఉంటుంది. ఒకసారి కణికలు పడ్డాక ఇంక ఊదే పని లేదు, అరగంటకో కట్టె ముందుకి తోస్తే చాలు. పొయ్యి నోరు నిండా కట్టెలు కూరితే గాలి ఆడదు. సగం కట్టె, సగం ఖాళీ ఉండాలి.

ఎంత పడుతుందన్నదానికి ఒక అంచనా: 14.2 కిలోల గ్యాస్ బండ గిన్నెకి అందించే వేడి, మామూలు మట్టి పొయ్యి మీద ఎండు కట్టెతో రావాలంటే సుమారు 180 కిలోలు కావాలి. గాలి దారి సరిగ్గా ఉన్న మెరుగైన పొయ్యి అయితే 110 కిలోలతో సరిపోతుంది. అదే కట్టె పచ్చిదైతే లెక్కే ఉండదు.

కేటరింగ్‌కి గాడిపొయ్యి కదా, అక్కడ ఈ కట్టె అసలు విలువ తెలుస్తుంది, వంట చెడేదీ అక్కడే. గాడి గాలివాటుకి తీయాలి, అంటే గాలి ఒక చివర దూరి ఇంకో చివర బయటికి పోవాలి. లోతు అడుగున్నర చాలు. అడుగున లావాటి రెండు మొద్దులు రెండు పక్కలా పొడవునా పెట్టి, మధ్య జానెడు సందు వదలండి. చితుకులూ సన్నకర్రలూ ఆ సందులో. మంట మొన గిన్నె అడుగుని తాకాలి, అంతకంటే దిగువన ఉంటే వేడి పక్కలకి పోతుంది, కట్టెలు గిన్నెకే ఆనితే మంట ఆరి పొగవుతుంది. బస్తా బియ్యం, అంటే 25 కిలోలు, వండడానికి ఎండు కట్టె 15 నుంచి 20 కిలోలు పట్టాలి. 40 దాటుతోందంటే తప్పు కట్టెలో లేదు, గాడి మరీ వెడల్పన్నా అయ్యుంటుంది, కట్టె తడిదన్నా అయ్యుంటుంది. బూడిద మధ్యమధ్య పారతో లాగేయాలి, అడుగున పేరుకుంటే కింద నుంచి గాలి అందదు.

ఎసరు మరిగేదాకా ఈ కట్టెని తిట్టుకుంటారు, ఎందుకంటే మంట పైకి లేవడం ఆలస్యం. ఆ వేళకి సుబాబుల్, సరుగుడు సన్నకర్రలు కలిపి మండించడం తెలివైన పని. ఎసరు తెర్లాక సర్కారు తుమ్మకి వదిలేయండి. బిర్యానీ దమ్ముకి, పప్పుకి, మాంసం కూరకి దీని కణికల సెగకి సాటి లేదు, గంటా గంటన్నర ఒకే తీరున ఉంటుంది. సరిగ్గా ఈ గుణమే కొత్తవాళ్లని దెబ్బతీస్తుంది. సుబాబుల్‌కి అలవాటుపడిన వంటమాస్టారు మంట తీసేసి కణికలు అలాగే ఉంచి మూత పెడతాడు. సుబాబుల్ కణికలు కాసేపటికి నివురుగప్పి చల్లారతాయి గనక సరిపోతుంది. సర్కారు తుమ్మ కణికలు చల్లారవు, బిర్యానీ అడుగంటుతుంది. అందుకని దమ్ముకి ముందే కణికల్లో సగం బయటికి లాగాలి. లాగినవాటిలో కొన్ని మూత మీద వేసుకోవచ్చు, తక్కినవి బొగ్గుగా ఆర్పి దాచుకోవచ్చు. కాల్చే మాంసానికైతే మంట పూర్తిగా చచ్చి, కణికల మీద తెల్లటి నివురు వచ్చాకే పెట్టాలి. దీని పొగకి ఘాటెక్కువ. కొద్దిగా తగిలితే రుచి, ఎక్కువసేపు పడితే చేదు. టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లు బార్బెక్యూకి వాడే మెస్కీట్ దీని దగ్గరి చుట్టమే, దానికీ ఇదే జాగ్రత్త.

మసికి పాత పద్ధతే మంచిది: గిన్నె పొయ్యిమీద పెట్టకముందు అడుగుకీ పక్కలకీ తడిమట్టి గానీ బూడిద నీళ్లు గానీ పూస్తే, తోమేటప్పుడు మసి ఆ పూతతోనే పోతుంది. ఇంట్లో వాడేటట్టయితే పొగగొట్టం ఉన్న పొయ్యి, తెరిచిన కిటికీ తప్పనిసరి. ఎంత ఎండిన కట్టెకైనా పొగ బొత్తిగా ఉండదని కాదు. కణికల కుంపటిని తలుపులు మూసిన గదిలో రాత్రిపూట పెట్టుకుని పడుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. పొగ కనబడదు, విషవాయువు మాత్రం నిండుతుంది.

మీ ప్రాంతంలో ఇంకో గిరాకీ పొగాకు బ్యారన్లు. అక్కడ కట్టె లావు బట్టి పని. ఆకు పసుపెక్కే దశలో వేడి నెమ్మదిగా, కొంచెం కొంచెంగా పెరగాలి. అప్పుడు లావు మొద్దులు పడేస్తే కణికల వేడి అదుపులో ఉండదు, ఆకు పసుపెక్కకముందే ఎండి పచ్చగా నిలిచిపోతుంది. కాబట్టి ఆ దశకి సన్నకర్రలు. చివర్లో ఈనె ఎండడానికి 160 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర గంటల తరబడి నిలపాలి కదా, అప్పుడు చీలని మొద్దులు, కణుపు దుంగలు వేయొచ్చు. అమ్మేటప్పుడు రెండు రకాలూ విడివిడిగా చూపిస్తే ధర మాట్లాడటం తేలిక.

కంపని ఏం చేయాలన్నది చాలామందికి తలనొప్పి. కొంత చేను గట్టున కంచెగా వేయొచ్చు, ఏడాది, రెండేళ్లు ఆగుతుంది. ఎండాక ముళ్లు రాలగొట్టి మోపులు కడితే ఇటుక బట్టీ అంటించడానికి, గాడిపొయ్యి రగల్చడానికి బాగుంటుంది. మంట పొడుగ్గా లేస్తుంది, కణిక మిగలదు. బయోమాస్ కరెంటు ప్లాంటు దగ్గర్లో ఉంటే ముక్కలు కొట్టే యంత్రంతో తునకలు చేయించి పంపొచ్చు. యంత్రం, లారీ ఖర్చు ముందే వేసుకోండి, దూరం పెరిగితే గిట్టదు. చేలోనే తగలబెట్టడం మాత్రం చివరి దారి. చుట్టూ వరిగడ్డి, ఎండు పైరు లేనప్పుడు, గాలి లేని పొద్దున, దగ్గర నీళ్లు పెట్టుకుని.

అమ్మకం. ముందు ఎంత ఉందో తెలుసుకోకుండా కాంట్రాక్టరుతో మాట్లాడొద్దు. 33 అడుగుల చదరం అంటే సరిగ్గా రెండున్నర సెంట్లు, ఎకరంలో నలభయ్యో వంతు. చేనులో చిక్కగా ఉన్నచోట ఒకటి, మధ్యరకం చోట ఒకటి, పల్చటి చోట ఒకటి తాడు పట్టి గీసి, ఆ మేరకి కొట్టించి తూచండి. మూడింటి సగటుని 40తో గుణిస్తే ఎకరం లెక్క వస్తుంది. ఒక కూలి రోజు ఖర్చు, కానీ ‘ఎకరం గుత్తకి ఇంత’ అని చెప్పే బేరగాడి ముందు మీ చేతిలో అంకె ఉంటుంది.

పచ్చిది కాటా మీద అమ్మితే మీకు లాభం, ఎండినది అమ్మితే టన్ను ధర పెరగాలి. ఎంత పెరగాలో లెక్క ఉంది: 45 శాతం తడి ఉన్న టన్ను కట్టెలో అసలు సరుకు 550 కిలోలు. అది 20 శాతానికి ఎండితే మిగిలే బరువు సుమారు 690 కిలోలు. అంటే పచ్చి టన్ను ధరకి కనీసం ఒకటిన్నర రెట్లు రాకపోతే ఎండబెట్టిన శ్రమ, జాగా, పుచ్చు పోను నష్టమే. మీరే కొనేవాళ్లయితే ఇదే లెక్క తిరగేసి వాడండి. కుప్ప కొలతతో మాత్రం కొనొద్దు, వంకర కట్టె పేర్పులో సగం గాలే ఉంటుంది. గుత్తకిచ్చేటప్పుడు కాగితం మీద రెండు మాటలు రాయించండి: కంప కూడా తీసి గట్టుకి చేర్చాలి, మోడు ఎంత ఎత్తున కొట్టాలి. లేకపోతే లావుది లారీకెక్కుతుంది, కంప మీ చేలో మిగులుతుంది.

బొగ్గు చేయడం వేరే విద్య, కొత్తవాళ్లు మొదలుపెట్టేది కాదని నా అభిప్రాయం. స్థూలంగా, మట్టి బట్టీలో నాలుగైదు కిలోల ఎండు కట్టెకి కిలో బొగ్గు వస్తుంది. పైన కప్పిన మట్టి ఎక్కడ నెర్రె ఇచ్చినా గాలి దూరి ఆ చోటంతా బూడిదవుతుంది, అందుకే రాత్రీ పగలూ మనిషి కాపలా ఉండాలి. దట్టమైన తెల్లపొగ పల్చబడి నీలిరంగుకి తిరిగితే అయినట్టు, అప్పుడు బెజ్జాలన్నీ మూసి పూర్తిగా చల్లారనివ్వాలి. బట్టీ విప్పాక కూడా ఒక రోజంతా బయట ఆరబెట్టి చూశాకే బస్తాలకెత్తాలి. పైకి చల్లగా కనిపించే బొగ్గు లారీలో రాజుకున్న సందర్భాలు ఈ వ్యాపారంలో అందరికీ తెలిసినవే. ఇస్త్రీ బండ్లకీ తందూరీ పొయ్యిలకీ ఈ బొగ్గు బాగా పోతుంది.

కొట్టే ముందు గ్రామ సచివాలయంలోనో, అటవీశాఖ వాళ్ల దగ్గరో అడిగి కాగితం చేతిలో పెట్టుకోండి. పట్టా భూమి అయినా చెట్ల నరికివేత మీద 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. లారీ రోడ్డెక్కాక ఆపితే కట్టె విలువ కంటే తిరుగుడు ఖర్చే ఎక్కువ. చెరువు పోరంబోకు కంప మీది కాదు, అది వేలంలో పాడుకోవాల్సిందే. మీ చేను చెరువు కట్టకి ఆనుకుని ఉంటే కట్టమీద చెట్లని జేసీబీతో పెకలించనివ్వకండి. వేరు లేచినచోట కట్ట గుల్లవుతుంది. అక్కడ పై నుంచి కొట్టడంతో ఆపేయాలి.

చివరిది మోడు. నిజానికి గొడ్డలి ఎత్తకముందే తేల్చుకోవాల్సింది ఇదే: ఆ చేలో పంట వేస్తారా, కట్టె కోసమే ఉంచుతారా? కట్టెకే అయితే నేల నుంచి అరడుగు, అడుగు ఎత్తున, వాననీళ్లు జారేట్టు ఏటవాలుగా, బెరడు చీలకుండా ఒక్క తీరున కొట్టండి. మొదటి వానకే మోడు చుట్టూ పది, పదిహేను పిలకలు లేస్తాయి. ఏడాది తిరిగేసరికి బలమైనవి రెండు మూడు ఉంచి తక్కినవి తీసేస్తే, మూడు నాలుగేళ్లలో మళ్లీ మణికట్టు లావు కట్టె వస్తుంది. పిలకలు తీయకుండా వదిలితే వచ్చేది ఉత్త కంప.

పంట వేసేటట్టయితే నేల మట్టానికి కొట్టి ఊరుకుంటే డబ్బు పారబోసినట్టే. పిలక వేసే కళ్లు మొదలు దగ్గర, నేల లోపల జానెడు దాకా ఉంటాయి. అందుకే నిప్పు పెట్టినా చావదు. మోడు చుట్టూ మట్టి తీసి అడుగు లోతున వేరు నరకాలి, లేదా జేసీబీతో మొద్దుతో సహా లేపాలి. లేపిన వేరుమొద్దులు కూడా గట్టి కట్టే, కాకపోతే మట్టీ రాళ్లూ ఇరుక్కుని ఉంటాయి గనక రంపం పెట్టకుండా ఒక వాన తడిపి, ఎండాక గొడ్డలితో కొట్టాలి. ఆ తర్వాత కూడా నేలలో రాలిన విత్తనం ఏళ్ల తరబడి మొలుస్తూనే ఉంటుంది. ప్రతి వాన తర్వాత జానెడు మొక్కగా ఉన్నప్పుడే తడినేల మీద పీకేయాలి, మోకాలెత్తు దాటితే మళ్లీ పలుగే. కాయలు రాలే కాలంలో గొర్రెలనీ పశువులనీ బయటి బీళ్లలో మేపి తెచ్చి ఈ చేలో మందకట్టించొద్దు. కాయని అవి ఇష్టంగా తింటాయి, గింజ అరగదు, పేడలోంచి ఎరువుతో సహా మొలుస్తుంది. బూడిద సంగతి కూడా అడుగుతారేమో: వంద కిలోల కట్టెకి రెండు మూడు కిలోలు వస్తుంది, ఎర్రనేల అయితే పెంటకుప్పలో కలపండి, చౌడు నేలకి వేయకండి.